తెల్వదని చెప్పడానికి ఒక ఏడాది

సభకు అధ్యక్షత వహిస్తున్న మన ట్యుటోరియల్ కాలేజీ ప్రిన్సిపాల్ శ్రీ అమరనాథ్ గారికి, ముఖ్య అతిథి, కమిటీ ప్రెసిడెంటు శ్రీ బాబురావు గారికి, మొఘల్‌పురా పెద్దలకు, తోటి అధ్యాపకులకు, విద్యార్థులకు, చార్మినార్ దగ్గర రిక్షాల మధ్య ఇరుక్కుని నా మీది పొగడ్తలన్నీ అయిపోయాక వచ్చిన అదృష్టవంతులకు నమస్కారం.

నా వీడ్కోలు ప్రసంగం అయిదు నిమిషాల్లో ముగించమని అధ్యక్షులు చెవిలో చెప్పారు. అయిదు నిమిషాలు తక్కువేమీ కాదు. ఇరవై తొమ్మిదేళ్లలో నాకు ఒక్క ప్రమోషనూ ఎందుకు రాలేదో చెప్పడానికి కమిటీవారు అంతసేపు కూడా తీసుకోలేదు. (నవ్వులు) బాబురావు గారు నవ్వడం లేదు గనక ఆయనకు గుర్తున్నట్టే.

అమరనాథ్ గారు తమ ప్రసంగంలో నన్ను గురువుగారన్నారు. నిజమే, ఆయనకు ఇంగ్లీషు నేనే చెప్పాను. ఫలితం ఇందాక మీరంతా విన్నారు. (నవ్వులు) ఆయన అంతటితో ఆగి ఉంటే నేనూ ఈ శాలువా కప్పుకుని, అందరికీ కృతజ్ఞతలు చెప్పి కూర్చునేవాణ్ణి. కానీ గేటు దగ్గర బ్యానరు మీదున్న ఆండాలు ఫోటో సంగతి ఎత్తి, ఆ అమ్మాయికి ఎం.ఏ. ఎకనామిక్స్‌లో సీటు రావడానికి మన సంస్థ పద్ధతే కారణమన్నారు. ఆ పద్ధతి నా వెనక గోడ మీదే రాసి ఉంది. శామియానా కట్టిన ఓదెలు దానికి గుడ్డ అడ్డం పెట్టాడు. జర పక్కకు జరుపు ఓదెలూ. ఆఁ, చాలు. 'ఖాళీ వదలకు, ఏదో ఒకటి రాయి.' ప్రిన్సిపాల్ గారి సొంత వాక్యం.

డిగ్రీ పరీక్షలకు అది మంచి సలహానే. పేజీలు నిండితే జాలిపడి మార్కులు వేసే ఎగ్జామినర్లుంటారు, నేనూ వారిలో ఒకణ్ణి. ఎంట్రెన్సు పరీక్షకు జాలి లేదు. నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమంటుంది, మూడు తప్పులకు ఒక మార్కు కోస్తుంది, వదిలేసిన ప్రశ్న జోలికి రాదు. ఎనభై మూడులో ఆండాలు మొదటిసారి వెళ్లి నూరు ప్రశ్నలకు నూరు జవాబులూ పెట్టి వచ్చింది. వచ్చినవి ముప్పై ఒక్క మార్కులు.

అప్పుడు స్టాఫ్ రూములో అందరి ముందూ ప్రిన్సిపాల్ గారు ఆ అమ్మాయితో అన్న మాట నేను మరిచిపోలేదు. "పాల దుకాణం ఉంది గదమ్మా, నీకు ఎం.ఏ. ఎందుకు?" ఆండాలు ఆ మాటకు కూడా జవాబు చెప్పబోయింది. జబ్బు అక్కడే ఉంది.

ఇంటి దగ్గర ఆమె అన్న కొండల్ ఇంకొక్కసారి రాసుకొమ్మన్నాడు. ఈసారీ రాకపోతే లాల్ దర్వాజా వైపు రెండో దుకాణం తెరుస్తానని, అందులో ఆమే కూర్చోవాలని ముందే చెప్పాడు. అందుకని క్వశ్చన్ పేపరు ముందేసుకుని ఇద్దరం లెక్క చూశాం. నలభై ఎనిమిది ఒప్పు. మిగిలినవన్నీ తెలియక పెట్టినవే. అవి వదిలేసి ఉంటే ఆ ఏడే సీటు వచ్చేది. తెల్వనివి ఎందుకు పెట్టినవమ్మా అని అడిగాను.

"అడిగినోళ్లను ఉత్తగ ఎట్ల పంపిస్త సార్?" అంది.

ఇంతటి మర్యాద గోడ మీది వాక్యం ఒక్కదాని వల్ల రాదనిపించి, ఆ సాయంత్రం వాళ్ల దుకాణానికి వెళ్లాను. తల్లి సత్తెమ్మ గల్లాపెట్టె ముందు కూర్చుని ఉంది. కోవా ఉందా అని అడిగితే, పొద్దుగాల వస్తదంది. పొద్దున వెళితే, పండుగకు వస్తదంది. ఆ దుకాణం పెట్టిననాటి నుంచి అక్కడ కోవా చేసిందే లేదట. పాలు అయిపోతే నిండుకున్నాయంటారు, పెరుగు అయిపోతే తోడు పెట్టామంటారు. గల్లా ముందు కూర్చున్న మనిషి 'లేదు' అనే మాట అనకూడదు. ఆండాలు అయిదో క్లాసు నుంచి సాయంత్రాలు అక్కడే కూర్చుంది.

పరీక్షలోనైనా ఆ మాట అననివ్వమని సత్తెమ్మను అడిగాను.

"దుకాణంల లేదంటే ఇంట్ల గూడ లేకుంట పోతది సార్," అంది.

"పరీక్షల లేదంటే మార్కులు మిగుల్తయమ్మా."

"లేదంటే మిగిలేటియి గూడ ఉంటయా?" అని నన్ను అనుమానంగా చూసి, "సరె, ఆడ అననియ్యిండ్రి. ఈడ మాత్రం వద్దు," అంది.

ఇక ఏడాది పొడుగునా నేను చెప్పిన పాఠం అదొక్కటే. ఎకనామిక్స్ ఆమె తనంతట తానే చదువుకుంది. నేను ప్రశ్న వేయాలి, రాకపోతే ఆమె తెల్వదనాలి. నెలల తరబడి "ఆగుండ్రి సార్, యాదికొస్తది" అనేది. తనకేమీ తెలియదని ఊరంతా చెప్పుకు తిరిగిన ఒక గ్రీకు ముసలాయనకు విషమిచ్చి చంపారని నేను చదివాను. ఆ సంగతి ఆండాలుకు చెప్పలేదు. పిల్లలకు ప్రోత్సాహం ముఖ్యం. (నవ్వులు)

పరీక్ష దగ్గరపడిన రోజుల్లో బాబురావు గారు తనిఖీకి వచ్చి, క్లాసులో ఆండాలును లేపి, "మన దేశం ఎప్పుడు బాగుపడుతుందమ్మా?" అని అడిగారు. గొంతు దాకా వచ్చిన జవాబును ఆమె మింగడం వెనక బెంచీలో ఉన్న నాకు కూడా కనబడింది.

"తెల్వదు సార్," అంది.

(విరామం)

ఇరవై తొమ్మిదేళ్లలో ఈ భవనంలో నేను విన్న సరైన జవాబుల్లో అదొకటి. అయితే ప్రిన్సిపాల్ గారికి అది అవిధేయతగా వినబడింది. రోల్స్‌లోంచి ఆమె పేరు కొట్టేశారు. మిగిలిన పాఠాలు పాల క్యాన్ల మధ్య జరిగాయి. కనక సీటు వచ్చిననాటికి ఆండాలు మన విద్యార్థిని కాదు. బ్యానరు మీది ఫోటో మన అప్లికేషనుకు అంటించినదే అయి ఉండాలి. మిగతా కాగితాలతో పాటు దాన్ని కూడా వాపసివ్వలేదు. ఆండాలు మూడో వరుసలో కూర్చుంది, ఇవాళైనా ఇచ్చేయండి.

రెండోసారి ఆమె ముప్పై ప్రశ్నలు వదిలి వచ్చింది. "చెయ్యి ఊకె గుంజుతుండె సార్, ఎడమ చేత్తోని పట్టుకున్న," అంది. అరవై రెండు మార్కులు వచ్చాయి. ఆ సాయంత్రం దుకాణానికి వెళ్లి, అలవాటు చొప్పున కోవా ఉందా సత్తెమ్మా అని అడిగాను. ఆమె లక్ష్మీదేవి పటం వైపు ఒకసారి చూసి, గల్లాపెట్టెను రెండు చేతులా పట్టుకుని, చిన్నగా, పటానికి వినబడకుండా అన్నట్టు చెప్పింది.

"లేదు సార్. ఎన్నడు లేకుండె."

శాలువాకు కృతజ్ఞుణ్ణి. పూలదండకు, కుర్చీలకు, ఓపికకు కృతజ్ఞుణ్ణి. రేపటి నుంచి ఏం చేస్తారు సీమోను గారూ అని ఇందాక బాబురావు గారు అడిగారు. ఇలాంటి సభల్లో చెప్పదగిన జవాబులు నాలుగు ఉన్నాయి, నాలుగూ నాకు వచ్చు. రేపు సాయంత్రం ఆరు గంటలకు, క్లాసు టైముకు, ఎక్కడికి నడవాలో...

(విరామం)

తెల్వదు సార్. ఓదెలూ, గుడ్డ మళ్లీ కట్టకు, ఆ వాక్యం అట్లనే ఉండనీ. సెలవు.