రువైస్‌లో మేమిద్దరం కట్టిన స్టారు

— మామ్మా, అందరిళ్లల్లో డిసెంబరులో కదా క్రిస్మసు చెట్టు పెడతారు. మీ ఇంట్లో సెప్టెంబరు నించే ఉందేంటి? బాల్కనీలో ఆ స్టారుకి రెండు తోకలేంటి?

కూచో కీర్తనా. ఆ కుర్చీ వద్దు, దాని కాలు కదుల్తుంది. ఇలా సోఫాలోకి రా. ఏంటి, ఫోన్లో రికార్డు చేస్తున్నావా? సరే అవనీ. పిల్ల లోపల పడుకుంది, కాస్త మెల్లిగా చెప్తాను.

ఆ చెట్టు నేను పెట్టింది కాదమ్మా. మా వియ్యపురాలు పెట్టింది. మా కోడలు జోసెలిన్ లేదూ, వాళ్లమ్మ. ఇప్పుడు మావాడితో బజారుకెళ్లింది గానీ, ఉంటే నీకు చెట్టు మీద ఒక్కో బొమ్మా తీసి చూపించేది. వాళ్ల ఫిలిప్పీన్స్‌లో నెల పేరు చివర 'బర్' అని వస్తే చాలంట, క్రిస్మసు వచ్చేసినట్టే. సెప్టెంబర్, అక్టోబర్, అలాగన్నమాట. బయటేమో కాకి కూడా ఎగరలేనంత ఎండ, లోపలేమో చెట్టుకి దూది మంచు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. కాదులే, నీకెందుకు అబద్ధం, నవ్వు కాదు, చిరాకొచ్చేది.

మాది రాజోలు దగ్గర. మీ హైదరాబాదోళ్లకి తెలీదు గానీ, గోదారి సముద్రంలో కలిసే పక్క. మా ఆయన బళ్లో డ్రిల్లు మేష్టారు. పోయేరులే ఆయన, కరోనాకి ముందే. మా అబ్బాయి సుధాకర్ ఈ రువైస్‌లో రిఫైనరీ ఉద్యోగానికొచ్చి చాలా ఏళ్లయింది. ఈ అమ్మాయి ఇక్కడ చిన్నపిల్లల బళ్లో టీచరు. ఇద్దరూ ఇష్టపడ్డారు. కరోనా రోజుల్లోనే అబుదాబీలో చర్చిలో పెళ్లి. మేవెవరం రావడానికి విమానాలేవీ? పెళ్లి ఫోన్లో చూసేను. ఆ ఫోను మీదే చెయ్యి పెట్టి దీవించేను.

ఆ మరుసటేడు కోడలికి నెలలు నిండుతున్నాయని ఇద్దరమ్మలమూ విజిట్ వీసా మీద వచ్చేం. ఆవిడ ముందొచ్చింది, నేను నవంబరులో. ఆవిడికి తెలుగు రాదు, నాకు వాళ్ల భాష రాదు. ఇంగ్లీషు ఇద్దరికీ అంతంతే. కింద కిరాణా కొట్లో నేర్చుకున్న 'ఖలాస్', 'యల్లా', ఈ రెండు అరబ్బీ ముక్కల్తోనే మా సంసారం. అన్నం అయిపోతే ఖలాస్, తినడానికి రమ్మంటే యల్లా. మా కోడలు వాళ్లమ్మని 'నానాయ్' అని పిలుస్తుంది. నాకేమో ఎవరో నాన్నని పిలుస్తున్నట్టుండి అటూ ఇటూ చూసేదాన్ని.

పేచీ ఎక్కడొచ్చిందంటే, బొమ్మల దగ్గర. మాది బాప్టిస్టు సంఘం, నీకు ఇవన్నీ తెలీవులే, మా గుళ్లో విగ్రహాలుండవు. వాళ్లు ఆర్‌సీఎం, అంటే కేథలిక్కులు. ఆవిడ హాల్లో టీవీ పక్కన పశువుల పాక కట్టింది. మరియమ్మ, యోసేపు, గొర్రెలు, అన్నీ మట్టి బొమ్మలే. పొద్దున లేవగానే దాని ముందు నిలబడి దణ్ణం. నాకు గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టుండేది. మావాడితో అన్నాను, "ఏరా, మీ నాన్న ఉంటే ఇది ఒప్పుకుందురా?" అని. వాడు, "అమ్మా, నువ్వు మొక్కొద్దు, ఆవిణ్ణి మానమనొద్దు. ఇల్లు ఇద్దరిదీ," అన్నాడు. మాటలో తప్పేం లేదు. కానీ మనసుకెక్కొద్దూ?

ఇంకోటి, ఆ పాకలో గడ్డి ఉంది గానీ బాలయేసు లేడు. నాకు బొమ్మలు కిట్టవు కదా, అయినా ఆ ఖాళీ గడ్డి చూసి ఊరుకోలేక సోఫా కిందా, కర్టెన్ల వెనకా వెతికేను, ఎక్కడ పడిపోయిందో అని. ఆవిడ చూసి నవ్వింది. తర్వాత కోడలు చెప్పింది, పండగ ముందు రాత్రి దాకా బిడ్డని పెట్టరంట, అప్పటిదాకా గుడ్డలో చుట్టి దాస్తారంట. ఆవిడ నవ్వినందుకు నేను రెండ్రోజులు ముఖం ముడుచుకున్నాను.

ఆఁ, ఆ రోజు సంగతి చెప్తాను. డిసెంబరు సగంలో. కోడలికింకా నెలలు నిండలేదు. చీకటితోనే నడుం నొప్పంది. డాక్టరమ్మ అబుదాబీలో, ఇక్కణ్ణించి కార్లో రెండు గంటల పైనే. ఎందుకైనా మంచిదని తెల్లవారగానే ఇద్దరూ కార్లో బయల్దేరేరు. వాళ్లెళ్లిన కాసేపటికి కిటికీ తీద్దునా, ఎదుటి బిల్డింగు లేదు. మంచు. మన గోదారి మీద పట్టే మంచు నాకు తెలుసు, ఇది అలా కాదు, పాలు ఒలికిపోయినట్టు ఎడారంతా కమ్మేసింది.

మావాడు దార్లోంచి ఒకసారి ఫోన్ చేసేడు. "అమ్మా, ఏం కనబడ్డం లేదు, ఎక్కడైనా ఆపుతాను," అన్నాడు. అంతే, కట్టయిపోయింది. మళ్లీ చేస్తే స్విచ్చాఫ్. కోడలికి చేసేం. ఆ ఫోను పడగ్గదిలోంచి మోగింది. పరుపు మీద మర్చిపోయి వెళ్లింది పిల్ల.

తర్వాత పక్కింటి మలయాళీ అమ్మాయొచ్చింది, అందరూ ఇంట్లోనే ఉన్నారా అని కనుక్కోడానికి. అబుదాబీ రోడ్డు మీద కార్లూ లారీలూ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయని ఫోన్లో వీడియో తిరుగుతుందంట. చూపించింది. ఓ తెల్ల కారు, ముందు భాగం నుజ్జయిపోయి ఉంది. మావాడిదీ తెల్లదే. ఇక్కడ ప్రతి రెండో కారూ తెల్లదే కదమ్మా, అది అప్పుడు తోస్తుందా? పాపం ఆ పిల్ల, ఎందుకు చూపించేనా అని తను కూడా ఏడుపు మొహం పెట్టింది. తెలిసినవాళ్లకి ఫోన్లు చేసొస్తానని వెళ్లింది.

నేను ఓ మూల కూచుని గట్టిగా ప్రార్థన చేస్తున్నాను. ఆవిడ ఇంకో మూల జపమాల తిప్పుతుంది. నా తెలుగు ఆవిడికి అడ్డం, ఆవిడ గొణుగుడు నాకడ్డం. ఉన్నట్టుండి ఆవిడ లేచింది. బాల్కనీలోంచి వెదురు పుల్లల కట్ట తెచ్చి నా ముందు పడేసింది. మొక్కలకి ఊతం పెడతారే, అవి. స్టారు కట్టాలని ముందే తెప్పించుకుంది. "యల్లా," అంది. నాకు ఒళ్లు మండింది. బిడ్డలు ఏమయ్యారో తెలీకుండా స్టారేంటి? అని ఆవిడకేసి చూసేను కదా, ఆ పుల్లలే లెక్కపెడుతుంది, మళ్లీ మొదట్నించి లెక్కపెడుతుంది. అప్పుడర్థమయింది, ఖాళీగా ఉండలేక తెచ్చింది.

ఆవిడ కట్టడం మొదలెట్టింది, ముడి జారిపోతుంది. మళ్లీ కడుతుంది, మళ్లీ జారిపోతుంది. చూడలేక నేను లాక్కున్నాను. మా ఆయన ప్రతి ఏడూ కట్టేవోరు స్టారు, పుల్లలు పట్టుకునేది నేనే. రంగు కాగితం ఠావు పావలా అప్పుడు, ఆ పావలాకి కూడా అంగట్లో బేరవాడేవోరు, సరే ఆ కథ వద్దులే. రెండు స్టార్లు కట్టి, ఒకదాని మీదొకటి పెట్టి కొసలు బిగించెయ్యాలి. మధ్యలో పొట్టి పుల్లలు పెడితే పొట్ట ఉబ్బుతుంది. నేను ఆ పొట్టి పుల్ల తియ్యబోతే, ఆవిడ అప్పటికే విరిచి నా చేతిలో పెట్టింది. అంటే వాళ్లూ ఇలాగే కడతారు! సముద్రం అవతల ఎక్కడో ఉన్నారు, వాళ్లకీ ఇదే పని. నేనెళ్లి మైదా జిగురు ఉడకేసుకొచ్చేను. మన ఊళ్లో అయితే అందులో మైలతుత్తం కలుపుతాం, ఎలకలు కొరక్కుండా. ఇక్కడ ఎలకలెక్కడివి. ఆవిడ కాగితం కత్తిరించడం, నేను అంటించడం. కింద తోక ఒకటి చాలని నేను వేలు చూపించేను, రెండని ఆవిడ రెండు వేళ్లు చూపించింది. రెండే పెట్టేం. అప్పట్నించి ఏటా మేమొచ్చినప్పుడు రెండే.

అప్పుడు నా ఫోను మోగింది. పేరు లేదు, ఏదో నంబరు. తెలీని నంబరు ఎత్తొద్దని మావాడు నూరిపోసేడు కదా, బ్యాంకు పేరు చెప్పి మోసం చేస్తారనీ. నా చేతులకి జిగురు. చూస్తూ నిలబడిపోయేను. నిజం చెప్పాలంటే భయమేసింది, ఏం వినాల్సొస్తుందో అని. ఆవిడ లాక్కుని చెవిలో పెట్టుకుంది. ఏదో అంది. విన్నది. ఏడవడం మొదలెట్టింది. ఏడుస్తా నవ్వుతుంది. నాకు ఏదీ అర్థం కాదు. ఆవిడ భుజాలు పట్టుకుని ఊపేసేను, "చెప్పు వదినా, చెప్పు," అని. వదిన అనే మాట అప్పుడే, మొట్టమొదటిసారి నా నోట వచ్చింది. ఆవిడ ఫోను నా చెవిలో పెట్టింది.

"అమ్మా, మేం బాగున్నాం," అన్నాడు మావాడు. పెట్రోలు బంకులో ఆపేసేడంట, గుద్దుకున్న చోటు ఇంకా ముందుందంట. వాడి ఫోను ఛార్జింగు అయిపోయింది. ఎవరో పఠాను లారీ డ్రైవరు తన ఫోనిచ్చేడంట, కోడలు పడుకోడానికి తన దుప్పటి కూడా పరిచేడంట. నొప్పులు ఎక్కువయ్యాయి, అంబులెన్సు వస్తుంది, మంచు విడుతుంది అన్నాడు. అక్కడే కాగితాల మధ్య చతికిలబడిపోయేను. ఆవిడా నా పక్కనే కూలబడింది. ఒకళ్ల మెడ ఒకళ్లం పట్టుకుని ఏడ్చేం. మా చేతుల జిగురు ఒకళ్ల జుట్టుకొకళ్లకి అంటుకుపోయింది, అదో గొడవ.

సాయంత్రానికి ఆసుపత్రిలో పిల్ల పుట్టింది. చిన్నగా ఉంది గానీ గొంతు మాత్రం పెద్దది. గ్రేసు అని పెట్టుకున్నాం, ఇద్దరి నోళ్లకీ తిరిగే పేరు. అదే ఇప్పుడు లోపల పడుకున్నది.

ఆ మంచు రోజు నించి ఆవిడ నన్ను 'బలాయె' అని పిలుస్తుంది. అదేంటని కోడల్ని అడిగేను. వియ్యపురాలంట. చూసేవా, వాళ్లకీ దానికో మాట ఉంది. ఇంగ్లీషులో లేదంట, కోడలు చెప్పింది. పండగ నాడు ఆవిడ బియ్యప్పిండీ కొబ్బరిపాలూ కలిపి రొట్టె చేసింది, అరిటాకులో, పైనా కిందా సెగతో. మన దిబ్బరొట్టి చుట్టవే అది. నేను రెండు ముక్కలు తిన్నాను, ఆవిడ నా పులిహోర తింది. బొమ్మలకి నేనిప్పటికీ దణ్ణం పెట్టను. ఆవిడ పెట్టమన్లేదు. దుమ్ము మాత్రం తుడుస్తాను, ఆవిడ నడుం వంగదు కదా.

అదిగో, పిల్ల కదులుతున్నట్టుంది. ఉండు... లేదులే, పడుకుంది.

నువ్వు కారు నేర్చుకుంటున్నావంటగా, మీ అమ్మ చెప్పింది. నేర్చుకో తల్లీ, మంచిదే. కానీ మంచు కనబడితే ఆపెయ్యి. ఎక్కడుంటే అక్కడ ఆపేసి, ఎవరి ఫోనో ఒకటి అడిగి, మీ అమ్మకో మాట చెప్పు. ఆలస్యమైతే ఎవరూ ఏమీ అనుకోరు. దేవుడు నీ దారంతా తోడుండి, చల్లగా ఇంటికి చేర్చాలి నిన్ను. ఆ, ఇప్పుడు ఆపెయ్యమ్మా అది, టీ పెడతాను...