రఘుపతి చలికోటు

ఏయ్ ఓంకారూ, ఆ కోటు ముట్టకు. ఏసుకొని ఫోటో దిగి ఇంటికి పంపుతవా? ఆఫీసుల పని అని జెప్పినవా? నీ మొకం! పొద్దంత సిమెంటు మోసుడు, ఆఫీసట ఆఫీసు! ఇట్ల కూసో. గా కోటు ఎవలిదో ఎరుకేనా? రఘుపతిది. నువ్వు ఈ ఒమాన్ దేశంల దుక్మ్‌కు రాకముందు ఇదే మంచం మీద పండుకునేటోడు. జర్మనీల సదివొచ్చిండు మరి! నవ్వకు, నిజంగనే. సదువుకునే పోరగాండ్లతోనే ఊరు ఊరంత నిండి ఉంటదంట ఆడ. మనోడు సదివింది తక్కువ, సైకిల్ తొక్కింది ఎక్కువ, మంచుల ఇంటింటికి పిజ్జాలు మోసుకుంట. ఒక్క పరీక్షనే మూడుసార్లు తప్పిండు. గట్ల తప్పితె ఇగ ఆ సదువు ఆడ సదువనియ్యరంట. ఎల్లగొట్టిన్రు. ఏజెంటును పట్టుకొని ఈడికొచ్చి మాతోని రాడ్లు కట్టుడుకు దిగిండు.

దిగిండు గని, వాని నకరాలు తక్కువనా! ఫ్రిజ్‌ల ఒక అరకు పేరు రాసి అతికిచ్చిండు. "పెద్దులు మామా, మా హాస్టల్ల ఇట్లనే, ఒకని గుడ్డు ఇంకొకడు ముట్టడు" అని నాకే జెప్పిండు. ఆ పూటనే వాని గుడ్లు ఆమ్లెట్ ఏసుకొని తిన్నం. చెత్తకు రంగురంగుల డబ్బలు పెట్టిండు, కాయితాలకొకటి, సీసలకొకటి. క్యాంపు బండోడొచ్చి అన్ని ఒక్కదాంట్లనే గుమ్మరిచ్చుకొని పాయె. ఆదివారం సప్పుడు చెయ్యొద్దట, ఆడ దుకాండ్లు గూడ మూస్తరట. అరె, మనకు సెలవు శుక్రారం, ఆదివారం పొద్దుగాల్నే డ్యూటీ! సప్పుడు లేకుంట సుత్తె ఎట్ల కొడ్తర్రా?

ఇగ అసలు ముచ్చట ఇను. వాళ్ల అమ్మ ముత్తవ్వకు పరీక్ష తప్పిన సంగతి జెప్పలే. కొడుకు జర్మనీల పెద్ద సదువు సదువుతున్నడని ఆమె వాడకట్టంత చెప్పుకునె. అమ్మ ఇజ్జత్ పోతదని వీనికి భయం. అందుకే వీడియో కాల్ అంటె రూమంత నాటకమే. ఏసీ మొత్తం పెంచి, ఈ కోటు తొడుక్కొని, తెల్లగోడకు ఆనుకొని "శానా చలమ్మా" అంటుండె. బయట ఎండకు రాళ్లు పగుల్తుంటె! ఒకపారి మా రూము షంషాద్ బనీను మీద ఎనుకకెల్లి పోయిండు. "ఎవలు బిడ్డా?" అన్నదామె. "మా ప్రొఫెసరమ్మా." వెల్డింగు జేసేటోడు ప్రొఫెసరు! వాడేమన్న తక్కువోడా, "నమస్తే అమ్మా" అని దండం బెట్టిండు. దుప్పట్లు నోట్లె కుక్కుకొని నవ్వినం.

ఒకనాడు మాట్లాడుతుంటెనే జనరేటరు ఆగిపాయె. ఏసీ బందు. వీనికేమో కోటు ఇప్పరాదు, ఫోను పెట్టరాదు. నెత్తిలకెల్లి చెమట కారి కండ్లల్ల వడుతుంది. "ఈడ హీటరు ఎక్కువైందమ్మా" అన్నడు. మేము కిసకిస నవ్వుతున్నం. ముత్తవ్వ ఫోను దగ్గరికి జరుపుకొని వాని మొకం సూసింది. మెల్లగ అన్నది, "బిడ్డా, ఆ కోటు ఇప్పెయ్. ఎండదెబ్బ తగుల్తది. నేను ఎవ్వలకు జెప్పనులే."

మా నవ్వు ఆడనే ఆగింది. వాడు కోటిప్పి చిన్నపిల్లగాని లెక్క ఏడ్సిండు. ఆ నెలనే వీసా క్యాన్సిల్ కొట్టిచ్చుకొని, కోటు ఈడనే ఇడిసిపెట్టి ఇంటికి పాయె. తర్వాత కరోనాల సచ్చిపోయిండు. పాపం, ఆ కొన్నొద్దులన్న అమ్మ చేతి బువ్వ తిన్నడు, గంతే...

ఏంది, కోటు మల్ల సీలకు తగిలిస్తున్నవ్? తగిలియ్యి. బియ్యం కడిగినవా లేదా?