ప్రార్థన అడిగిన ఆదివారం

బోయిగూడలోని ఇంట్లో మనవరాలు హాస్టల్‌కు బట్టలు సర్దుకుంటోంది. నానమ్మ మడతపెట్టిన దుప్పటినే విప్పి మళ్లీ మడతపెడుతోంది.

“ఇంటి దగ్గరి కాలేజీల సుత సీటొస్తుండె కదనే. వరంగల్ ఎందుకు పెట్టుకున్నవ్?”

“ఈడ కాలేజీల బ్యూలా ఉంటది నానమ్మా.”

“ఉంటే ఏందీ? నీ పెదనాన్న బిడ్డే కద. ఇద్దరు కలిసి పోయొస్తుండ్రి.”

“నువ్వు రోజూ ఇద్దర్ని పక్కపక్కన పెట్టి చూస్తుంటివి.”

“నేనేమన్ననే?”

“ర్యాంకులొచ్చిన ఆదివారం చర్చిల లేచి నిలబడ్డవ్. బ్యూలా ర్యాంకుకు దేవునికి స్తోత్రం అన్నవ్. నాకోసమేమో ప్రార్థన చేయండ్రి అన్నవ్, దవాఖానల పడ్డోళ్ల కోసం అడిగినట్టు.”

ముసలామె చేతిలో దుప్పటి ఆగిపోయింది. ఆ రోజు ఆరాధన ముగియగానే, పిల్ల తనకోసం ఆగకుండా ఒక్కతే ఇంటికి నడిచి వచ్చేసిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

“నీ మీది పావురంతోనే, ప్రేమతోనే అడిగిన బిడ్డా.”

“తెలుసు. అందరు గట్టిగ ఆమేన్ సుత అన్నరు.”

“సీటు మార్చుకునుడు ఇంకా ఉందంట గద?”

“ఉంది. నాకే వద్దు.”

నానమ్మ దుప్పటిని పెట్టెలో పెట్టింది.

“ఆడ ఆదివారం చర్చికన్న పోతవా మరి?”

“పోతా నానమ్మా. ఆడ నా ర్యాంకెవ్వరికీ తెల్వది.”