వెనక్కి తిప్పిన ఇల్లు

శనివారం, అల్లుడుగారూ. మధ్యాహ్నం మూడున్నర. ఆదివారం సాయంత్రం అని రాసిచ్చారటగా మీరు పోలీసులకి? పోనీలెండి, దవడ విరిగిన మనిషికి వారాలెక్కడ గుర్తుంటాయి. కానీ మిగతాదంతా ఎంత పొందిగ్గా రాశారండీ. తలుపు తెరుచుకునేలా పెట్టి రప్పించారట. మా చిన్నది వల పన్నిందట. మీరు గుమ్మంలోకి రాగానే వెనకనుంచి కొట్టి చంపబోయిందట.

లేవకండి. దవడకి తీగలు బిగించారు, ఆరు వారాల దాకా నోరు కదపకూడదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఇన్నేళ్ళకి మనిద్దరం తీరిగ్గా మాట్లాడుకోవడం ఇదే మొదలు కదూ? మాట్లాడుకోవడం అంటే, నేను మాట్లాడటం. ఎప్పుడూ మీరే మాట్లాడేవారు.

నర్సుని పిలిచే బెల్లా? అటు జరిపాను. మీ చెయ్యి తగిలి కింద పడుతుందేమోనని. ఏం కావాలన్నా నేనున్నానుగా. అత్తగారినమ్మా, కాసేపు కూర్చుంటాను అంటే ఆ నర్సమ్మ ఎంత సంబరపడిందో. ఇలాంటి అత్తగారు దొరకాలండీ అంది. పళ్ళరసం తెచ్చాను, స్ట్రాతో తాగొచ్చట. తర్వాత తాగుదురుగాని.

ముందు తలుపు సంగతి చెబుతాను. అది అర్థమైతే తక్కినదంతా దానంతటదే అర్థమవుతుంది.

మా చిన్నదాని కంప్యూటర్ల పిచ్చి మీకు తెలియందా. మీ చెల్లెలికి మనుషుల భాష మరుపొచ్చింది అని పెద్దదాన్ని మీరే దెప్పేవారు. ఆఫీసులో నలుగురూ ఒక తీరున ప్రోగ్రాములు రాస్తే ఇది ఇంకో తీరున రాస్తుంది. ఫంక్షనల్ అంటారట. ఓ రోజు వంటింట్లో కూరలు తరుగుతూ నాకూ చెప్పింది. ఒకే సరుకు ఇస్తే ఎప్పుడిచ్చినా ఒకే ఫలితం రావాలట. నిన్నొకటి, ఇవాళొకటి రాకూడదు. ఇచ్చినదాన్ని పాడుచెయ్యకూడదు, పక్కనున్నదాని జోలికి పోకూడదు. అలాంటివాడు దొరికితే పెళ్ళి చేసుకోవే అన్నాను. మనుషుల్లో ఉండరనేగా వీటితో కాపురం చేస్తున్నాను అంది.

అప్పుడు పెద్దది పక్కనే ఉంది. పై పన్ను ఊడి వచ్చిన రోజులవి. ఒకే కాఫీ అండీ. అదే పొడి, అవే పాలు, అదే చెయ్యి. ఓ పూట బాగుందని నవ్వేవారు మీరు. ఓ పూట ఆ కప్పుతోనే మూతి మీద కొట్టేవారు. "బావ ప్రోగ్రామైతే మొదటి రోజే పీకి పారేసేవాళ్ళం" అంది చిన్నది. పెద్దది నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వితే నొప్పి దానికి.

ఆ పిచ్చి మెల్లిగా ఇంట్లోకొచ్చింది. దీపాలు, గీజరు, వీధి తలుపు తాళం, అన్నిటినీ తెచ్చి మెట్ల కింద ఓ పెట్టెకి తగిలించింది. మామూలుగా ఇలాంటివాటికి ఇది చెయ్యి, ఆనక అది చెయ్యి అని ఒక్కొక్కటే చెప్పాలట. ఇది అలా చెప్పదు. ఇల్లు ఎలా ఉండాలో ఒక్కచోట రాసి పెడుతుంది, అంతే. చీకటి పడితే వరండాలో వెలుగుండాలి. స్నానాల వేళకి నీళ్ళు వేడిగా ఉండాలి. తలుపు ఫలానా ఫలానా వాళ్ళు తమ నంబరు నొక్కితే తెరుచుకోవాలి. రాసినట్టు ఇంటిని ఉంచడం ఆ పెట్టె పని. ఎవరైనా చేత్తో మార్చినా కాసేపటికి మళ్ళీ రాసినట్టే అయిపోతుంది. దేవుడి దగ్గర బల్బు నేను ఆర్పడం, అది వెలిగించడం, అత్తాకోడళ్ళ పంతంలా సాగింది కొన్నాళ్ళు. ఇదెక్కడి గోలే అంటే, "నువ్వు చేసేదీ ఇదేగా అమ్మా. అందరూ చల్లగా ఉండాలి అని దణ్ణం పెడతావు. ఎలా ఉంచాలో దేవుడికి చెబుతావా?" అంది.

నిజమే. ఎలాగో నేనెప్పుడూ ఆయనకి చెప్పలేదు. చెప్పాల్సిందేమో.

ఆ రాతలో తలుపు దగ్గర మీ పేరూ ఉండేది. మీ పెళ్ళి తేదీయే మీ నంబరు. చెవిలోంచి నెత్తురు కారుతూ వచ్చి పెద్దది ఇక వెళ్ళనన్న రోజున, చిన్నది ఆ ఒక్క వాక్యం తీసేసింది. రాతలో లేనిది ఇంట్లోనూ లేనట్టేనట. మీ నంబరు చచ్చిపోయింది. హాల్లో ఓ కెమెరా కూడా పెట్టింది, మీ కోసమే.

మీరు మాత్రం రావడం మానలేదు. అదే నంబరు నొక్కేవారు, ఎర్రదీపం వెలిగేది, తలుపుని నాలుగు తన్ని పోయేవారు. మీ అల్లుడు కసరత్తుకి వచ్చి వెళ్ళాడు అని పక్కింటి దర్జీ ఆవిడ చెబుతుండేది.

శనివారం గీజరు మొరాయించింది. చిన్నది ఏవో కొత్త మార్పులు చేసిందట, నీళ్ళు వేడెక్కడం లేదు. పెద్దదానికి పాత దెబ్బల మీద ఒళ్ళునొప్పులు, వేణ్ణీళ్ళు పడితేగాని కూర్చోలేదు. చిన్నదానికేమో ఆ వింత ప్రోగ్రాముల వాళ్ళందరూ కంప్యూటర్లో కలుసుకునే వేళవుతోంది. ఆ రోజు మాట్లాడాల్సింది మా చిన్నదే, అదీ మా ఇంటి గురించే. మరమ్మతుకి తీరిక లేదు. దానికేముందమ్మా, వెనక్కి తిప్పేస్తాను అంది.

అదీ దాని మురిపెం. ఆ పెట్టె పాత ఇంటిని పారెయ్యదట. మార్చినప్పుడల్లా కొత్త ఇల్లు కట్టుకుని పాతది అలాగే దాచుకుంటుందట. ఏది చెడినా పాతదాంట్లోకి వెళ్ళి కూర్చోవచ్చు. అచ్చం నీలాగే, దేన్నీ పోనివ్వదు అనేది నాతో. నా సంగతి మీకు తెలుసుగా. మా తాతగారి ఫొటో దగ్గర్నుంచి పిల్లల పాలపళ్ళ దాకా ఒక్కటి పారేసి ఎరగను. ఎవరెప్పుడు పుట్టారు, ఎవరే జబ్బుతో పోయారు, చుట్టాలందరూ నన్నే అడుగుతారు.

ఒకటి వెనక్కి తిప్పింది. నీళ్ళు చల్లగానే ఉన్నాయి. ఇంకోటి తిప్పింది. నేను కుళాయి కింద చెయ్యి పెట్టి ఊహూ, ఇంకా లేదు, ఇంకా లేదు అంటున్నాను. అలా వెళ్ళగా వెళ్ళగా చలికాలం నాటి ఇంట్లోకి వెళ్ళాం. చెయ్యి చురుక్కుమంది. హమ్మయ్య అనుకున్నాం ముగ్గురం.

చలికాలం నాటి ఇంట్లో ఇంకేమున్నాయో ఎవ్వరం చూసుకోలేదు, అల్లుడుగారూ. అందులో మీరున్నారు. కెమెరా లేదు.

అదీ మీరంటున్న వల. కావాలనే తిప్పింది అంటాడట మీ లాయరు. వల పన్నేవాళ్ళు కుళాయి కింద చెయ్యి పెట్టుకుని నిలబడతారా? వెనక్కి తిప్పితే అన్నీ చక్కబడతాయనుకోవడం దానికొక్కదానికే పుట్టిన బుద్ధా? మీరు కన్నీళ్ళు పెట్టుకున్నప్పుడల్లా పెద్దదాన్ని మీ గుమ్మానికి తిప్పి పంపలేదూ మేమంతా?

మీరు ఎప్పట్లాగే వచ్చి ఎప్పట్లాగే నొక్కారు. పచ్చదీపం వెలిగింది.

తర్వాతది మీ కాగితంలో లేదు కాబట్టి నేను చెబుతాను. పెద్దది తల తుడుచుకుంటూ అప్పుడే బయటికొచ్చింది. తడిజుట్టు, పట్టుకోవడానికి మీకు వీలుగా దొరికింది. చేతికి చుట్టుకుని హాలు పొడుగునా ఈడ్చారు. అది గది గుమ్మం పట్టుకుని వేలాడింది. మీరు తలుపు వేశారు, దాని మోచేతి మీద. మొదటిసారికి వదల్లేదని మళ్ళీ తీసి మళ్ళీ వేశారు. ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. వంటింట్లోంచి విన్నాను. కట్టెలు మా ఇంట్లో లేవే అనుకున్నాను.

చిన్నది మెట్లు దూకుతూ వచ్చింది. మెట్ల కింద పెట్టెని మీరు తీగలతో సహా పెరికి దాని ముఖాన కొట్టారు. కనుబొమ్మ చీలిపోయింది. పడిపోతే గుండెల మీద మోకాలు వేసి, రెండు చేతులతో గొంతు పట్టుకున్నారు. "నాకు తలుపు మూస్తావా, నాకా" అంటున్నారు, అదే మాట, మంత్రంలాగ. పిల్ల మడమలు నేలకేసి టపటపా కొట్టుకున్నాయి. తర్వాత ఆ టపటపలు నెమ్మదించాయి. ఒకటి. కాసేపాగి ఇంకొకటి.

దేవుణ్ణి పిలిచాను. గట్టిగా పిలవడం నాకు చేతకాదు, మీకు తెలుసుగా.

మా అమ్మ నాటి బొగ్గుల ఇస్త్రీపెట్టె ఒకటుంది, వంటింటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడతాం. ఈ ఇనుము పాతసామాన్లవాడికి వెయ్యరాదూ అని వచ్చినప్పుడల్లా అనేవారు మీరు. దాన్ని రెండు చేతులా ఎత్తాను. విసురుకి నా భుజమే ఊడి వచ్చిందనుకున్నాను. మీ దవడ దగ్గర కుండ పగిలినట్టు పగిలింది. పిల్ల మీద నుంచి పక్కకి ఒరిగారు.

ఒరుగుతూ చూశారు. కళ్ళు మూసుకోకండి. ఎవరు కొట్టారో చూశారు మీరు.

ఎందుకు రాయలేదో కూడా నాకు తెలుసు. తెలివిమీరిన మరదలు వల పన్నిందంటే నలుగురిలో కాస్త మర్యాదగా ఉంటుంది. దగ్గినా పక్కగదికి వినపడని అత్తగారు ఇస్త్రీపెట్టెతో పడగొట్టిందంటే స్నేహితుల ముందు తలెలా ఎత్తుకుంటారు?

ఆ పిచ్చిపిల్ల కూడా తనే కొట్టానని చెప్పింది పోలీసమ్మకి. నన్ను కాపాడుతున్నాననుకుంది. మీ అబద్ధం, దాని అబద్ధం ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి. తలుపు తెరిచిందీ అదే, కొట్టిందీ అదే అంటే ఇక కావాలనే రప్పించిందనరూ? దాని మెడ మీద వేళ్ళ గుర్తులు మీరు మిమ్మల్ని కాపాడుకోవడంలో పడ్డవంటాడట మీ లాయరు. జైలుకి పోతుందండీ నా బిడ్డ.

ఒక మాట ఉంది. ఎవరికీ చెప్పలేదు.

డాక్టరమ్మ కాగితంలో రెండు దెబ్బలున్నాయి. చిన్నది ఒక్కటే చెప్పింది. రెండోది దానికి తెలీదు. కంటి నిండా నెత్తురు, ఊపిరి కోసం గింజుకుంటోంది.

మొదటిది పిల్లని విడిపించడానికి. దాని గురించి దేవుడికి చెప్పుకున్నాను, ఆయనకీ అభ్యంతరం ఉన్నట్టు లేదు. కానీ అప్పటికి మీరు పడిపోయారు. చేతులు వదులైపోయాయి. ఇక ఎవర్నీ ఏమీ చెయ్యలేరు. అప్పుడు మళ్ళీ ఎత్తాను. తొందరేం పడలేదు. ఎక్కడ వెయ్యాలో చూసుకుని మరీ వేశాను, మీ ఈ ఎడమ భుజం మీద. లోపల ఎముక కుంగడం పిడిలోంచి నా చేతికి తెలిసింది. తెలిసి, హాయిగా ఉంది. మూడోది కూడా ఎత్తబోయాను. చేతులు లేవలేదు. వయసు.

అది దేవుడికింకా చెప్పలేదు. మీకే ముందు చెబుతున్నాను.

కుడిచెయ్యి బాగానే ఉందిగా మీకు? ఇదిగో కాగితం, ఇదిగో కలం. ఎవరూ పిలవలేదు, నా అంతట నేనే వచ్చి నంబరు నొక్కాను, కొట్టింది మా అత్తగారు అని రాయండి. రాయకపోతే బలవంతం లేదు. ఇక్కణ్ణుంచి తిన్నగా స్టేషనుకే వెళుతున్నాను. ఈసారి రెండో దెబ్బ ఎక్కడ వేశానో, ఎలా వేశానో చెబుతాను. డాక్టరమ్మకి, వేసినవాళ్ళకి తప్ప తెలియని మాట అది. ఎలాగూ వెళ్ళేది నేనే. మీరు రాస్తే మా ఇంటి అల్లుడు ఒక్క నిజమన్నా చెప్పాడని చుట్టాలకి చెప్పుకోవడానికి ఉంటుంది.

అలా చూస్తారేం? మొదటిసారి చెప్పలేదనా? మర్నాడు పొద్దున్నే చెప్పానండీ. పోలీసమ్మ వచ్చింది. విరిగిన పెట్టెలోంచి ఆ రాతలన్నిటికీ నకలు తీసుకుంది. కొట్టింది నేనమ్మా అన్నాను. నా భుజం తట్టి, బిడ్డ కోసం ఏ తల్లయినా ఇలాగే అంటుంది, మీరు దణ్ణం పెట్టుకోండి అని వెళ్ళిపోయింది. రెండో దెబ్బ మాట అప్పుడు నోటిదాకా వచ్చింది. పిల్లలు వింటున్నారని మింగేశాను.

తర్వాత హాలు కడిగాను. తలుపుకి ఉత్త గొళ్ళెం బిగించుకున్నాం. పెద్దది కట్టు లేని చేత్తో కాఫీ కలిపింది. అదే పొడి, అవే పాలు. ముగ్గురం తాగాం. ఎవ్వరూ ఏమీ విసరలేదు.

చిన్నది ఆ పెట్టెని ముందేసుకుని ముక్కలు అతికిస్తోంది. పక్కన కూర్చున్నాను. "మీ బావ ఉన్న పాత ఇళ్ళన్నీ తుడిచెయ్యవే" అన్నాను. తలెత్తి నా వంక చూసింది. "నువ్వా అంటున్నావు ఈ మాట?" అంది. "నేనే" అన్నాను. ఒక్కసారి తుడిస్తే మళ్ళీ రావమ్మా అంది. రావద్దనేగా అన్నాను. ఏదో నొక్కింది. చాలాసేపు పట్టింది. ఇన్నాళ్ళున్నారు కదా మీరు, ఆ మాత్రం పట్టదూ.

ఇక ఎంత వెనక్కి తిప్పినా మీరున్న ఇల్లు ఒక్కటీ లేదు, అల్లుడుగారూ.

నీళ్ళు వేడెక్కే ఇళ్ళు కూడా వాటితోనే పోయాయి. ఏం చేస్తాం. పెద్దదానికి నేనే పోశాను, కట్టు తడవకుండా. ముగ్గురం చన్నీళ్ళే పోసుకున్నాం.