మూత పెట్టిన డబ్బా

నందిగామలో చిన్న ప్రైవేటు స్కూలు. రెండో తరగతి టీచరు చేతిలో చాక్‌పీసుతోనే కరెస్పాండెంటు గదిలోకి వచ్చింది.

“సార్, నేను లెక్క చెప్పకముందే పిల్లలు ఎక్స్ అంటే ఏడని అరుస్తున్నారండి.”

“మంచిదేగమ్మా. రేపు పేరెంట్స్ ముందు చెప్పాల్సింది అదేగా. పొద్దున నేనే బట్టీ పట్టించా.”

“నేను మూత పెట్టిన డబ్బాలో చింతపిక్కలు దాచి అడిగేదాన్నండి. ఇంకో మూడు కలిపితే పదయ్యాయి, లోపల ఎన్నున్నాయని. వాళ్లే కనుక్కునేవాళ్లు.”

“చింతపిక్కలు చూపిస్తే పేరెంట్స్ నవ్విపోతారు. గేటు మీద కోడింగ్, ఆల్జీబ్రా అని రాయించాం.”

ఆమె చాక్‌పీసు ఆయన బల్ల మీద పెట్టింది.

“మరి రేపు ఎవరన్నా నాలుగు కలిపితే పదయ్యాయి, ఎక్స్ ఎంత అని అడిగితేనండి?”

ఆయన విసుగ్గా చూశాడు.

“ఏడేనమ్మా. ఎక్స్ ఎక్కడన్నా మారుద్దా?”