నింద లేని ఫిర్యాదు రాసిన భూలక్ష్మి గారు

1993 ఆగస్టు పదహారవ తేదీన శ్రీమతి భూలక్ష్మి గారు ఫిలింనగర్‌లోని మన న్యాయవాద కార్యాలయంలో టైపిస్టుగా చేరారు. రహమత్ నగర్ నుంచి నడిచి వచ్చి తొమ్మిదింటికల్లా యంత్రం ముందు కూర్చునేవారు. నిర్మాతల ఒప్పందాలనూ, రచయితల దావాలనూ పొల్లుపోకుండా టైపు చేస్తూ, క్రమేణా ముసాయిదాలు సరిదిద్దే స్థాయికి, ఆపై ప్రధాన గుమాస్తా బాధ్యతకు ఎదిగారు. మన సీనియర్ న్యాయవాది కమలాకర్ గారు సంతకం చేయవలసిన ప్రతి కాగితమూ ముందుగా ఆమె కళ్లబడటం ఆనవాయితీ అయింది.

2019లో కథాహక్కుల దావా ఓడిపోయిన నిర్మాత ఓంప్రకాష్ గారు, తీర్పు ఇచ్చిన సివిల్ జడ్జి లంచం పుచ్చుకున్నారంటూ హైకోర్టుకు ఫిర్యాదు పంపాలని పట్టుబట్టారు. ఋజువేదీ లేదు. అయినా పాత కక్షిదారు మాట కాదనలేక కమలాకర్ గారు ఫిర్యాదు చెప్పి టైపు చేయిస్తూ ఉండగా, రెండో పేరా దగ్గర భూలక్ష్మి గారి చేతులు ఆగిపోయాయి. తీర్పును ఆమె అంతకుముందే చదివారు. అందులో ఒకే పేరా మూడుచోట్ల ఉంది. సాక్షి పేరుకు బదులు వేరే కేసులోని మనిషి పేరు పడింది.

"సార్, ఇది లంచం కాదు. జడ్జి గారికి యాదికుంటలేదు. మా అత్తమ్మకు మతిమరుపు గిట్లనే మొదలైంది" అన్నారు.

ఓంప్రకాష్ గారు మండిపడి, ఫైళ్లన్నీ మరో వకీలుకు ఇచ్చేస్తానన్నారు. ఉద్యోగం పోతుందేమోనని ఆమెకూ బెదురు కలిగింది. అయినా "లేని నేరం నా చేతులతోని రాయలేను సార్" అని లేచి నిలబడ్డారు.

కమలాకర్ గారు ఆధారం అడిగారు. ఆమె నాలుగు రోజులు ఆ కోర్టు హాలులో కూర్చున్నారు. అప్పటికే ప్రమాణం చేసిన సాక్షి చేతనే జడ్జి గారు మళ్లీ ప్రమాణం చేయించడం, ముగిసిన కేసును తిరిగి పిలవడం తేదీలతో సహా రాసుకొచ్చారు. చివరికి ఫిర్యాదులో ఆరోపణ లేదు. జడ్జి గారికి వైద్య పరీక్ష జరిపించమన్న విన్నపం, దానికి ప్రమాణపత్రం మాత్రమే ఉన్నాయి. ఓంప్రకాష్ గారు గొణుక్కుంటూనే సంతకం చేశారు.

రెండు నెలలు జవాబు లేదు. కోర్టు ధిక్కారమని ఎక్కడ తిరగబడుతుందోనన్న దిగులుతో ఆమెకు అన్నం సహించలేదు. అంతలో పరీక్ష జరిగిందనీ, జడ్జి గారు సెలవుపై వెళ్లారనీ తెలిసింది. పాత తీర్పు రద్దై, దావా మరో జడ్జి ముందు మళ్లీ విచారణకు వచ్చింది. ఓంప్రకాష్ గారు మళ్లీ ఓడిపోయారు. కాకపోతే ఈసారి ఎందుకు ఓడారో అర్థమైందని తామే ఒప్పుకున్నారు.

ఒక మధ్యాహ్నం వెంగళరావు నగర్ నుంచి జడ్జి గారి సతీమణి జగదాంబ గారు వెతుక్కుంటూ వచ్చారు.

"ఇంట్లో మాకు తెలుసండీ. ఆయనతో అనే ధైర్యం లేక ఏడాదిగా దాచాం. మీరు ఆయన్ని దొంగని రాయలేదు. ఇప్పుడు మందులు వాడుతున్నారు, నేను కాస్త కుదుటపడ్డాను" అన్నారు.

ఆమెను ఆటో ఎక్కించి వచ్చి, భూలక్ష్మి గారు ఆ పూటంతా ఏ కాగితమూ ముట్టుకోలేదు. ఆ రోజు ఆమె ముఖంలో కనిపించిన తేలికదనం మేమెవ్వరమూ మరువలేదు.

ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న భూలక్ష్మి గారికి, భర్త వెంకటనర్సయ్య గారి సాహచర్యంలో, కుమార్తె పద్మప్రియ ఆదరణలో, తొందరలేని ఉదయాలూ, నొప్పి ఎరుగని మోకాళ్లూ, హాయిగా పట్టే నిద్రా సమకూరాలనీ, వారు నిండు నూరేళ్లు చల్లగా ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాం.