బఠాణీల గిన్నె

అది కాదమ్మాయ్, మళ్లీ మొదటినుంచీ చెప్పమంటే ఎలా? పొద్దున్న డాక్టరు అడిగాడు, చెప్పాను. ఇప్పుడు నువ్వు హెల్తాఫీసు నుంచి కాగితాలు పట్టుకొచ్చావు. గురువారం థాంక్స్ గివింగ్ పండగ భోజనానికి ఏం వండారు, ఎవరేం తిన్నారు, మళ్లీ అదే పాట. లోపల నా కొడుకు డేరిల్‌కి బదులు మిషను ఊపిరి పీలుస్తోంది. ముందు వాడి సంగతి చూడండి.

సరే, రాసుకో. టర్కీ కోడి నేనే కాల్చాను. చిలగడదుంపలు, గుమ్మడికాయతో చేసే ‘పై’ అనే తీపి మా ఆడపడుచు మేవిస్ తెచ్చింది. కోడితో నంజుకునే రొట్టెముక్కల స్టఫింగు మా కోడలు కెండ్రాది. అందులో ఆల్చిప్పల మాంసం వేసింది. మన అయోవాలో ఆల్చిప్పలేమిటి? ఆ సముద్రం ఎక్కడ, ఈ మొక్కజొన్న చేలెక్కడ? నేనేమీ అనడం లేదు. నువ్వే రాసుకో, ఆల్చిప్పలు అని.

ఏమిటీ? ఆల్చిప్పలు తింటే ఒకటి రెండుగా కనబడదా? అవున్లే, అవి అందరం తిన్నాం. నేనూ తిన్నాను.

నిన్న సాయంత్రం వాడు, "అమ్మా, నువ్వు ఇద్దరిలా కనబడుతున్నావే" అన్నాడు. నేను నవ్వాను. "ఒక్కదాన్నే భరించలేవు కదరా" అన్నా. గంటలో రెప్పలు వాలిపోయాయి. మాట ముద్దముద్దగా అయిపోయింది. కాఫీ తాగబోతే గొంతు దిగక ముక్కులోంచి వచ్చింది.

ఇంట్లో నిలవకి సీసాల్లో పట్టినవేమైనా వడ్డించామా అనా? సరిగ్గా పట్టకపోతే వాటిల్లో విషం పుడుతుందనా? డాక్టరూ అదే అడిగాడు. లేదన్నాను.

దేనివల్లో తేలకపోతే ఏమవుతుంది? ఆ విరుగుడు మందు ఇక్కడ ఉండదా? వేరే రాష్ట్రం నుంచి తెప్పించాలా? ప్రతి గంటా వాడికి గండమేనా?

ఇలా దగ్గరికొచ్చి కూచో. కెండ్రా ఆ చివర కుర్చీలో ఉంది. పొద్దున్నుంచీ మేవిస్ దాన్ని పొడుస్తూనే ఉంది, నీ ఆల్చిప్పలే ముంచాయని. ఆ పిల్ల ఏడుస్తోంది. నేను చూస్తూ కూచున్నాను.

బఠాణీల సలాడ్ నాది. చీజు ముక్కలు, మయొనైజు వేసి చల్లగా పెడతాం, ఉడికించేదేమీ లేదు. జూన్‌లో పెరటి బఠాణీలు ఒలిచి సీసాల్లో పడతాను. ఆ సీసాలు పెద్ద ప్రెషర్ కుక్కర్లో పెట్టాలి, ఆ వేడికైతేనే లోపల విషం పుట్టదు. ఈసారి దాని రబ్బరు పగిలింది. రబ్బరు కోసం టౌనుకెవరు పోతారని మామూలు నీళ్లలో పెట్టి మూడు గంటలు మరిగించాను. మా అమ్మ బతికినంతకాలం అలాగే చేసింది. ఎవరూ పోలేదు. అదృష్టమంటావా? అయ్యుండొచ్చు.

గురువారం పొద్దున్న సీసా తీస్తే మూత చేతికే వచ్చేసింది. బిగిసి ఉండాలి, ఓపెనరుతో పెకలించాలి. వాసన చూశాను, ఏమీ లేదు. పారబోద్దామని సింకు దాకా తీసుకెళ్లాను కూడా.

కిందటేడు ఏమైందో తెలుసా నీకు? మా ఇళ్లలో ఎవరి గిన్నె అడుగున వాళ్ల పేరు రాసి అంటిస్తాం. భోజనాలయ్యాక ఎవరిది ఖాళీ అయిందో, ఎవరిది మిగిలిందో అందరికీ తెలిసిపోతుంది. కెండ్రా గిన్నె గీకి గీకి తిన్నారు. నాది నిండుగా వెనక్కొచ్చింది. ఇంక ఈ ఏడు బల్లమీద నా గిన్నే లేకపోతే, ఈ ఆర్లీన్ పనైపోయిందనరూ? ఇంకో గుప్పెడు చీజు వేసి కలిపేశాను.

ఎవరూ ముట్టుకోలేదు. నేను గిన్నెవైపే చూస్తున్నానని డేరిల్ కనిపెట్టాడు. వాడికి చిన్నప్పట్నుంచీ బఠాణీలంటే గిట్టదు, ఏరి పక్కన పెట్టేవాడు. అలాంటిది గరిటెడు వేసుకున్నాడు. "అమ్మ బఠాణీలు లేకపోతే పండగేమిటి" అంటూ రెండోసారి కూడా వేసుకున్నాడు. నా కడుపు నిండిపోయిందమ్మాయ్.

నేనా?

లేదు. నేను తినలేదు. ఒక్క గింజ కూడా నా పళ్లెంలో వేసుకోలేదు. మూత సంగతి నాకు తెలుసు కదా.